కంపైలర్ మారినా ముప్పు పోలేదు

గో భాషలో కోడు రాసే మిత్రులారా, ఇవాళ పనికి కూర్చోగానే ముందు మీ ప్రాజెక్టులోని గో.మాడ్ ఫైలు తెరవండి. వెర్షన్ సంఖ్య ఉన్న వరుస చూడండి. అది 1.22 కన్నా తక్కువైతే, ఎంత కొత్త కంపైలర్ వేసుకున్నా పాత ప్రమాదం మీ కోడులోనే కాచుకుని ఉంది.

లూపులో రాసిన పేరులేని ఫంక్షన్, అంటే క్లోజర్, లూపు వేరియబుల్ విలువను దాచుకోదు, ఆ వేరియబుల్‌నే పట్టుకుంటుంది. పాత నియమంలో లూపు మొత్తానికీ వేరియబుల్ ఒక్కటే. ఆ ఫంక్షన్లను నడిపే గోరొటీన్లు పని అందుకునేలోపు చాలాసార్లు లూపు ముగిసిపోతుంది. అది ఖాతాదారులకు రసీదులు పంపే లూపైతే, అందరికీ వెళ్లాల్సినవన్నీ చివరి ఖాతాదారుకే చేరతాయి. కంపైలర్ కిక్కురుమనదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.22 ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇచ్చింది. కానీ పాత కోడు చెడకూడదని, ఆ సంఖ్యో అంతకు పైదో రాసుకున్న మాడ్యూళ్లకే ఇచ్చింది.

కొత్తవాళ్లు చేసే తప్పులే అని తీసిపారేయకండి. 2020లో వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అంతటి సంస్థకే ఇది తగిలింది. డొమైన్ల అనుమతిని మళ్లీ సరిచూసే కోడు, పది డొమైన్లు చూడాల్సిన చోట ఒక్కదాన్నే పదిసార్లు చూసింది. 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లు చిక్కులో పడ్డాయి. అక్కడ దొరికింది క్లోజర్ కాదు, లూపు వేరియబుల్ చిరునామా. మూలం మాత్రం ఇదే.

లాగ్‌లో ఒకే ఐడీ వరసగా కనిపిస్తోందా? మీ ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడిచింది సర్వర్‌లో రద్దీ పెరిగితే తప్పుతోందా? ఆగండి, వెతకండి. వీటికన్నా నాకు భయం వేసేది పచ్చగా పాసయ్యే ప్యారలల్ టెస్టులను చూస్తే. అవన్నీ చివరి కేసునే పరీక్షించి ఉండొచ్చు. వెట్ పరికరం కొన్నిటినే పడుతుంది, దాని మీదే భారం వేయకండి.

1.22కు మారాక కూడా, లూపు బయట ప్రకటించిన వేరియబుల్ ఉమ్మడిదే. బయటి ఎర్రర్ వేరియబుల్‌లోకి నాలుగు గోరొటీన్లు రాస్తే ఒకదాని వైఫల్యాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది. రేస్ డిటెక్టర్ పెట్టి టెస్టులు నడపండి. ఇప్పుడే మారలేని వాళ్లు, దయచేసి, లూపు మొదటి వరుసలోనే వేరియబుల్‌కు అదే పేరుతో నకలు తీసుకోండి.

గో.మాడ్‌లో సంఖ్య పెంచగానే, ఎన్నాళ్లుగానో పాసవుతున్న టెస్టు ఒకటి ఫెయిలవ్వచ్చు. విడుదల తేదీ దగ్గరపడిందని సంఖ్యను వెనక్కి తిప్పకండి. ఆ కేసు బహుశా ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా పరీక్షకు రాలేదు.