నిద్రలో ఎవరి వాటా ఎంత?

‘త్వరగా పడుకోండి, ఫోన్ పక్కన పెట్టండి’ అని ఉద్యోగం చేసే తల్లికి డాక్టర్లూ, పత్రికలూ (మాతో సహా) తెగ చెబుతుంటారు. పడుకోనని ఆమె ఎప్పుడన్నది? గిన్నెలు తోమి, పప్పు నానబోసి, పిల్లాడి హోంవర్కు చూసి, యూనిఫాం ఇస్త్రీ చేసి నడుం వాల్చేసరికి పదకొండున్నర. తెల్లారి అయిదింటికి కుళాయి నీళ్లు, ఏడున్నరకు స్కూలు వ్యాను. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర అవసరమంటారు నిపుణులు. అది ఇందులో ఎక్కడ ఇముడుతుంది?

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ 97 కూడా పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటే. నలుగురిలో దాదాపు ముగ్గురు అసలు ముట్టుకోనే లేదు!

ఆదివారం మధ్యాహ్నపు కునుకుతో ఈ బాకీ తీరదు. పొద్దున టిఫిన్ డబ్బా భర్త కడితే ఆమెకు ఓ అరగంట నిద్ర మిగులుతుంది. రాత్రి గిన్నెలూ ఆయనే తోమితే ఇంకో అరగంట. అలా చేసినాయన ‘మా ఆవిడకి సాయం చేస్తున్నా’ అని చెప్పుకోవడమే మాకు మింగుడుపడనిది.