కొత్తనీటికి ఎదురెక్కే చేపను పట్టొద్దు

ఈసారి గోడపత్రికలో చేపల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన ఆదివారం మనమందరం హాల్లో టీవీలో సినిమా చూశాం కదా. అందులో వాన వస్తే పాట వచ్చింది. వరద వస్తే ఇల్లు కొట్టుకుపోయి హీరో వాళ్ళమ్మ ఏడ్చింది. సినిమావాళ్ళు చాలామంది హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో ఉంటారని సోషల్ టీచర్ చెప్పారు. అవి రాళ్ళగుట్టల మీద లేచిన పేటలట. అక్కడ ఏరు లేదు. అందుకే వాళ్ళకి వరద అంటే ఏడుపు ఒక్కటే తెలుసనుకుంటాను. ఏటి పక్కన పుట్టిన మనకి ఇంకొకటి కూడా తెలియాలి. వరద వస్తేనే చేపలకి పురుడు.

వరద మంచిదని నేను అనడం లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊరు మునిగింది. మేము గుట్టమీద పరదాల కింద ఉన్నాం. మా మేకలు రెండు పోయాయి. 1986 ఆగస్టులో 75 అడుగులు కూడా దాటిందని మా తాత ఇప్పటికీ చెప్తాడు. కానీ ఏటేటా వచ్చే చిన్న వరద వేరు. గోదావరి పొంగితే కూనవరం దగ్గర శబరి నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. వాగుల గుండా మా పొలాల్లోకి, గడ్డిబీళ్ళలోకి ఎక్కుతాయి. కొన్నాళ్ళు ఉండి మళ్ళీ దిగిపోతాయి. చేపలకి కావాల్సింది ఆ నీళ్ళే.

అదెట్లాగో చెప్తాను. ఎండాకాలంలో ఏరు సన్నబడితే చేపలు లోతు మడుగుల్లో తలదాచుకుంటాయి. వానలు మొదలయ్యే నాటికి బొచ్చె, శీలావతి, మోసు లాంటి ఆడచేపల కడుపులో గుడ్లు తయారై ఉంటాయి. కానీ అవి ఆ మడుగులో గుడ్లు పెట్టవు. కాచుకొని ఉంటాయి. వానలు పడి, ఏరు ఎర్రబడి, మట్టం పెరిగి, నీళ్ళు చల్లబడి జోరుగా పారితే వాటికి కబురు అందినట్టే. అప్పుడు ఏటికి ఎదురెక్కుతాయి. ఒడ్డు దాటి నీళ్ళు పరుచుకున్న చోట, లోతు తక్కువ ఉన్న నీటిలో గుడ్లు వదులుతాయి. మగచేప వెంటే ఉంటుంది. ఫలదీకరణం నీళ్ళలోనే జరుగుతుంది. మనం సైన్సులో చదివిన బాహ్య ఫలదీకరణం ఇదే.

పొలం నీళ్ళే ఎందుకంటే, అక్కడ మునిగిన గడ్డి, ఆకులు, పశువుల పేడ కుళ్ళి సన్నసన్న పురుగులు పుడతాయి. అవే పసి చేపలకి తిండి. పెద్ద చేప మింగడానికి వస్తే గడ్డిలో దాక్కోవచ్చు. నడి ఏట్లో ఆ సదుపాయం లేదు. ఒక కిలో శీలావతి కడుపులో 2 లక్షలకు పైగా గుడ్లుంటాయి. ఒక్కరోజు కూడా పట్టదు, సుమారు 14 నుంచి 20 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. మూడు రోజులు వాటి పొట్ట కింద సంచిలో ఉన్న సొనే తిండి. ఆ తర్వాత సొంతంగా తినాలి. అన్ని లక్షల్లో బతికేవి కొన్నే. అందుకే దేవుడు అన్ని గుడ్లు ఇచ్చాడని మా అమ్మ అంటుంది.

కొర్రమీను తీరు వేరు. అది ఒడ్డు వార గడ్డిలో గూడులాగా చేసుకుంటుంది. గుడ్లు పైన తేలుతాయి. తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతుంటే పెద్దవి కిందనే ఉంటాయి. ఆ గుంపు కనబడితే కింద పెద్ద చేప ఉన్నట్టు మనవాళ్ళకి గుర్తు. వెంటనే గాలం వేస్తారు. కాపలా పోయాక ఆ పిల్లల గతి ఏమిటి?

ఇప్పుడు అసలు సంగతి. కొత్తనీరు వచ్చిందంటే మన ఊళ్ళలో పండగే. వాగు మూతి దగ్గర అడ్డంగా మావులు పెడతారు, వలలు కడతారు. ఎదురెక్కే చేప కడుపు బరువుతో తొందరగా తప్పించుకోలేదు. గంటలో బుట్ట నిండుతుంది. మా అయ్య కూడా పడతాడు. బడి తెరిచేది జూన్ రెండో వారంలో, కొత్తనీరు వచ్చేదీ ఆ రోజుల్లోనే. నా ట్రంకుపెట్టె, చెప్పులు, నోటుపుస్తకాలు ఆ చేపల డబ్బులతోనే కొన్నాడు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. అంటే గుడ్ల చేపలే నన్ను చదివిస్తున్నాయి. ఇది రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది. కానీ మా తాత చిన్నప్పుడు వాలుగలు మనిషి చెయ్యి అంత పొడవు దొరికేవట. ఇప్పుడు మా తమ్ముడు పరిగెలు పట్టుకొచ్చి అవే పెద్ద చేపలని మురిసిపోతున్నాడు.

చెరువుల్లో చేపపిల్లలు వదులుతారు కదా, ఇంకేం భయం అని కొందరంటారు. నిజమే. బొచ్చె, శీలావతి నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు కాబట్టి ముందు పిల్లల్ని నదుల్లోంచే పట్టి తెచ్చేవాళ్ళు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు మందు సూదితో చేపలు గుడ్లు పెట్టేలా చేశారు. అందుకే జూలై 10 జాతీయ చేపల రైతుల దినోత్సవం. కానీ అట్లా పెంచేది ఎక్కువగా చెరువుకి లాభమైన రకాలే. మన వాగు పరిగెకి, జెల్లకి, బొమ్మిడాయికి ఎవరు సూది వేస్తారు? వాటికి వరదే దిక్కు.

దారి మూస్తే ఏమవుతుందో పులసను చూస్తే తెలుస్తుంది. అది సముద్రం నుంచి గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు ఎదురొచ్చిన పులస అక్కడ ఆగిపోతుంది. రేపు పోలవరం నిండితే మా వైపు వచ్చి పోయే నీళ్ళు కాదు, నిలిచిపోయే నీళ్ళు ఉంటాయి. అది మన చేతిలో లేదు. వాగు మూతి దగ్గర మావు పెట్టాలా వద్దా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. మన కోయవాళ్ళకి ఇది కొత్తా? కొత్తల పండగ చెయ్యకుండా కొత్త పంట నోట్లో పెట్టుకోం. మామిడికీ అంతే, పండగ అయితేనే తింటాం. చెట్టుకి, చేనుకి ఆ మర్యాద ఉన్నప్పుడు చేపకి ఎందుకు ఉండకూడదు? కొత్తనీరు వచ్చాక పదిహేను రోజులు వాగు మూతి వదిలేద్దాం. అక్టోబరు, నవంబరులో నీళ్ళు దిగేటప్పుడు పెద్దవి పట్టుకుందాం. అప్పుడు కూడా పిల్లలు ఏట్లోకి పోవడానికి ఒక పక్క దారి విడిచిపెడదాం.

అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఆదివారం వాగుకి పోయినప్పుడు దోమతెరతో చేపలు పట్టొద్దు. దాని కన్నాల్లోంచి వేలెడు పిల్ల కూడా తప్పించుకోలేదు. పైగా ఆ తెరలకి పూసిన మందు చేపలకి విషం. చిరిగిన దోమతెరలు వెనక్కి తీసుకొని మీ దగ్గరే పెట్టమని వార్డెన్ మేడమ్ గారికి నా మనవి.

ఇంకొక్క మాట, కోపం చేసుకోవద్దు. గేటు దగ్గరికి చేపలు అమ్మకానికి వస్తే మన మేడమ్‌లు, సార్లు గుడ్ల చేపనే ఏరి కొంటారు. రుచి ఎక్కువని నాకూ తెలుసు. కొనేవాళ్ళుంటేనే పట్టేవాళ్ళుంటారు. ఆ పదిహేను రోజులు కొనకండి.

మా అయ్యకి దసరా సెలవుల్లో నేనే చెప్తాను. పుస్తకాలకి డబ్బులేవి అంటే నా దగ్గర జవాబు లేదు. వేసవిలో ఆయనతో తునికాకుకి నేనూ పోతాను. ఒక్క ఏడు వదిలి చూడమంటాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని