ముద్రించిన ప్లానుకు కొలబద్ద పరీక్ష

పదవీ విరమణకు రెండేళ్ళ ముందుగానే గరాచర్మలో సొంత ఇల్లు అమర్చుకోవాలని సంకల్పించిన మన సహోద్యోగి ఒకరు, ముగ్గు పోసే రోజున మమ్మల్ని స్థలానికి ఆహ్వానించారు. ఇంటి నమూనాను కళాశాలలో చదువుతున్న వారి అమ్మాయి కంప్యూటరులో గీసినది. పునాదులు, స్తంభాల సంగతి ఇంజనీరు చూసి సరేనన్నారు. ఇల్లు 11 మీటర్ల పొడవు, 8.5 మీటర్ల వెడల్పు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక దుకాణంలో ప్లానును అచ్చు వేయించారు. కాగితం అడుగున ‘స్కేలు 1:50’ అని చక్కగా పడినది.

శ్రీకాకుళం నుండి వచ్చి ఈ ద్వీపాలలోనే స్థిరపడిన తాపీమేస్త్రి పని ప్రారంభించారు. వంటగది వెడల్పు అంకె వేయడం అమ్మాయి మరచినది. మేస్త్రి స్కేలు పెట్టి కొలిచి, లెక్క వేసి, 2.82 మీటర్లుగా తాడు లాగారు. ఒక మూల స్తంభానికి గుంత కూడా త్రవ్వారు. ప్రక్క గది దగ్గరకు వచ్చేసరికి లెక్క కుదరలేదు. ఆయన కాగితం మా ముందు పరిచి, “రాసిందొకటి, స్కేలెడితే ఇంకోటొస్తంది బాబూ. ఏటి నమ్మమంటారు?” అన్నారు.

11 మీటర్లని వ్రాసిన గోడపై కొలబద్ద పెట్టి చూశాము. 1:50 స్కేలులో అది 22 సెంటీమీటర్లు ఉండాలి. ఉన్నది 20.7 మాత్రమే. వంటగది అసలు వెడల్పు 3 మీటర్లు. తేడా 18 సెంటీమీటర్లు, అనగా ఏడంగుళాలు.

ఏడంగుళాలే గదా అనుకోరాదు. త్రవ్వి పూడ్చిన మట్టిపై పునాది నిలుపరాదు కనుక గుంతను ఒక ప్రక్కకు వెడల్పు చేయవలసి వచ్చినది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపాన్ని ఎరిగిన ద్వీపవాసులకు పునాది విషయం వేరే చెప్పనవసరం లేదు. అదే కొలతతో ఇనుము కూడా కోసి ఉంటే ఎంత నష్టమో ఆలోచించండి. ఇక్కడ ఇనుమైనా సిమెంటైనా సముద్రం దాటి రావలసినదే.

దోషం అమ్మాయిది కాదు, సాఫ్టువేరుది కాదు. ఆమె పంపిన పేజీ ఏ4, అనగా 210 × 297 మిల్లీమీటర్లు. దుకాణంలోని యంత్రం అమెరికా వాడుకలోని ‘లెటర్’ కాగితానికి అమర్చి ఉన్నది. దాని పొడవు 279 మిల్లీమీటర్లే. పేజీ మొత్తం పట్టించడానికి యంత్రం బొమ్మను 94 శాతానికి కుదించినది. బొమ్మ కుదించుకుపోయినా అడుగున వ్రాసిన 1:50 మాత్రం మారదు గదా! ఏ3 ప్లానును ఏ4కు తగ్గించి జిరాక్సు తీసినప్పుడు ఇంకా ఘోరం. 1:100 అని వ్రాసి ఉన్న బొమ్మ నిజానికి 1:141 అయిపోతుంది.

పూర్వం ఈ చిక్కు ఉండేది కాదు. ట్రేసింగు కాగితాన్ని రసాయనం పూసిన కాగితంపై పరిచి, వెలుతురు చూపి, అమోనియా ఆవిరి పట్టించేవారు. ఆ ఘాటుకు కళ్ళు మండేవి, కానీ గీత గీతకు ఆని ఉండడం వలన నకలు అసలంతే వచ్చేది.

కనుక ఇంటి వద్ద ప్లాను గీసేవారు ఈ జాగ్రత్తలు పాటించాలి. స్వీట్ హోమ్ త్రీడీ వంటి ఉచిత సాఫ్టువేరులో పేజీ సెటప్‌కు వెళ్ళి కాగితం కొలతను, ప్లాను స్కేలును మనమే నిర్ణయించవచ్చును. దానిని పీడీఎఫ్‌గా మార్చి, అచ్చు వేసేటప్పుడు ‘ఫిట్’ అన్నది విడిచి ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం ఎంచుకోవాలి. దుకాణంలో ఈ మాట మొహమాటం లేకుండా అడగండి. బొమ్మలోనే 5 మీటర్ల గీత ఒకటి అడ్డంగా, మరొకటి నిలువుగా గీసి, మీటరుకొక గంటు పెట్టండి. 1:50లో అవి సరిగ్గా 10 సెంటీమీటర్లు రావాలి. కాగితం కుదించుకుపోతే ఆ గీతలూ కుదించుకుపోతాయి గనుక, వాటితో పోల్చి కొలిచినవారు మోసపోరు. అయినా ప్రతి గదికీ అంకె వ్రాయడమే అన్నిటికన్నా మేలు.

అడుగుల లెక్కకు అలవాటుపడిన మనవారికి ఇంకొక మాట. అంగుళానికి 8 అడుగుల స్కేలు అంటే 1:96. 1:100 ప్లానును ఆ స్కేలుతో కొలిస్తే 30 అడుగుల గోడ సుమారు 28 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలుగా కనిపిస్తుంది.

అనుమతికి సమర్పించే ప్లానుల సంగతి వేరు. స్థలం ప్లానుకు ఒక స్కేలు, ఇంటి ప్లానుకు మరొక స్కేలు ఉంటాయి. అర్హత గల ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు సంతకమూ కావాలి. ఏది ఏ స్కేలులో ఉండాలో స్థానిక కార్యాలయంలో ముందే తెలుసుకోవడం మంచిది.

ఆ సాయంత్రమే అమ్మాయి వంటగది అంకె చేర్చి, దగ్గరుండి మళ్ళీ అచ్చు వేయించినది. మరునాడు మేస్త్రి ముందుగా పొడవు కొలిచారు, 22. వెడల్పు కొలిచారు, 17. తల ఊపి ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. పాతది మధ్యాహ్నం ఆయన అన్నం గిన్నె కింద కనిపించినది.