తెర వేశాం, సరే!

2014లో రాజధాని కబురుతో బెజవాడలో అద్దెలు ఎలా ఎగిరాయో చూశాం. అంత పోసినా పోర్షన్‌లో మనకంటూ చాటేదీ? కొత్త మేకు కొట్టనివ్వరు. ఉన్న రెండు మేకులకే స్ప్రింగు తగిలించి, పాత మంగళగిరి చీర తెరగా వేశాను. వీధి చూపు ఆగింది, మనసు కుదుటపడింది. కానీ ఇంటిగలావిడ ఆ తెర తప్పించుకుని "ఏం కూరమ్మాయ్?" అంటూ తిన్నగా వంటింట్లోకే!

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలపాలి. పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక అసలు రాకూడదు. నమూనాయే కనుక, రాష్ట్రాలు తమ చట్టంలోకి తీసుకుంటేనే దానికి బలం. అయినా అడ్వాన్సు, కరెంటు బిల్లు, సున్నం ఖర్చు రాసుకునే అగ్రిమెంటులో ఈ ఒక్క ముక్కా రాయించుకోవచ్చుగా?

వచ్చే నెల మా అగ్రిమెంటు తిరగరాయాలి. మావారితో అన్నాను. "ఆవిడేమనుకుంటుందో" అంటున్నారు.