ఆ 30 గంటలు మన రోగాల మీద పెట్టాలి!

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల ప్రజలారా! మామిడి రైతులారా! కోత కూలీలారా! డాక్టరు గారలారా!

నూజివీడు రసం అంటే తెలియని ఊరు లేదు. ఆ కాయ కోసే మనిషికి పాము కరిస్తే, తోటకు మందు కొట్టే మనిషి నురగ కక్కుతూ పడిపోతే ఏమవుతుందో మాత్రం మనకే తెలుసు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైను. తర్వాత ఆటో. ఆ తర్వాత ఏదో ఒక ఆసుపత్రి గుమ్మంలో "విజయవాడ తీసుకెళ్ళండి" అన్న మాట. ఆ దారిలోనే మనవాళ్ళు పోతున్నారు. ఇక్కడే బతికించగల రోగిని విజయవాడ పంపాల్సిన అవసరం లేకుండా చేయడానికి ఒక దారి ఉంది. అది చట్టంలోనే ఉంది. అందుకే ఈ కరపత్రం.

డిగ్రీ చేతికొచ్చాక కూడా ప్రతి డాక్టరూ ఐదేళ్ళకు కనీసం 30 గంటలు వృత్తికి సంబంధించిన కొత్త చదువు చదవాలని, ఆ లెక్క వైద్య మండలికి చూపాలని 2002లోనే భారత వైద్య మండలి నిబంధన పెట్టింది. డాక్టర్లు దీన్ని సీఎంఈ అంటారు. 2023 ఆగస్టు 2న, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, అదే నెల 23న దాన్ని ఆపేసింది. దాంతో 2002 నాటి మాటే మళ్ళీ అమల్లోకి వచ్చింది. ఐదేళ్ళకు 30 గంటలంటే ఏడాదికి 6 గంటలు. చాలా తక్కువ. ఆ కాస్త సమయమైనా ఏ విషయం మీద, ఎవరి ఖర్చుతో గడుస్తోందో మనం ఏనాడైనా అడిగామా?

హోటల్లో ఏసీ హాలు, ఒక ఉపన్యాసం, తెర మీద బొమ్మలు, గుమ్మం దగ్గర మందుల కంపెనీ బల్ల, చివర్లో విందు: ఇలా గడిచే గంటలకూ సీఎంఈ పాయింట్లు పడుతున్నాయి. కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే వైద్య మండలి డాక్టర్లకు చెప్పింది. డాక్టర్లకిచ్చే తాయిలాలను కంపెనీలు ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోవడం చెల్లదని 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తాయిలాల ఖర్చు మందు ధరలో కలిసి చివరికి రోగి నెత్తినే పడుతుందని కోర్టు గుర్తించింది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి ప్రకారం, కంపెనీలు ఇలాంటి సదస్సులను విదేశాల్లో పెట్టకూడదు, ఇక్కడ పెట్టినవాటి ఖర్చు తమ వెబ్‌సైట్లో చూపాలి. నియమాలున్నాయి. అడిగేవాళ్ళే లేరు.

డబ్బు సంగతి కన్నా పెద్దది ఇంకోటుంది. అలాంటి ఉపన్యాసాలు విన్నంత మాత్రాన డాక్టరు చేతి పని మారదు. ఇది మా అభిప్రాయం కాదు, ముప్పై ఏళ్ళుగా జరిగిన పరిశోధన చెబుతున్న మాట. కెనడాకు చెందిన డేవ్ డేవిస్ బృందం 1999లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వేసింది. ఉత్త ఉపన్యాసం వైద్యం చేసే తీరును మార్చిన దాఖలా కనబడలేదు. డాక్టర్లే కేసులు చర్చించి, చేత్తో చేసి చూసిన శిక్షణలు మాత్రం ఫలితమిచ్చాయి. 2021లో కోక్రేన్ సంస్థ 215 అధ్యయనాలను కలిపి చూస్తే, సమావేశాలు, వర్క్‌షాపుల వల్ల వైద్యం మెరుగుపడింది సగటున ఏడు శాతం లోపే. 2005లో నితీష్ చౌదరి బృందం హార్వర్డ్ నుంచి ప్రచురించిన సమీక్ష మనల్ని మరీ ఆలోచింపజేస్తుంది. అది చూసిన 62 పరిశీలనల్లో సగానికి పైగా, ప్రాక్టీసు ఏళ్ళు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గుతున్నట్టే చూపాయి. తల నెరిసిన డాక్టరు దగ్గరికే పోవాలని మన ఇళ్ళల్లో అనుకుంటాం. అనుభవం ఒక్కటే చాలదు, దానికి చదువు తోడు కావాలి.

తేనెమంచు పురుగు గురించి హోటల్లో ఉపన్యాసం వింటే మన తోటలో పూత నిలుస్తుందా? మన మామిడి పరిశోధనా స్థానం శాస్త్రవేత్త తోటలోకి వచ్చి, కొమ్మ వంచి, పూత కింద పురుగు చూపించి, మందు ఎప్పుడు కొట్టాలో చెబితేనే కదా మనకు ఒంటబట్టేది. డాక్టర్లకూ అలాగే కావాలంటున్నాం.

పాముకాటు సంగతే తీసుకోండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద లాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం నీళ్ళలా జారితే విషం ఎక్కినట్టే, విరుగుడు మొదలుపెట్టాలి. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితం తప్పొస్తుంది. ఇంత చిన్న విషయం చేత్తో చేసి నేర్చుకోవాలే గానీ తెర మీద చూస్తే నిలవదు. కట్లపాము కాటయితే గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, రెప్పలు వాలిపోతాయి. గ్యాస్ నొప్పి అనుకుంటే ప్రాణం పోతుంది. విరుగుడు మందు పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు. అది పడక రియాక్షన్ వస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే సిద్ధంగా ఉండాలి. ఆ రియాక్షన్ భయంతోనే చాలాచోట్ల రోగిని పైకి పంపేస్తారు. ఆ భయం పోగొట్టేది సాధన.

పురుగుమందు ఎక్కినవాళ్ళకు అట్రోపిన్ ఎంతసేపు, ఎంత మోతాదులో ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి? జ్వరంతో వచ్చిన కూలీ చంకలోనో గజ్జల్లోనో నల్లటి పొక్కు చూసి స్క్రబ్ టైఫస్ అని పట్టుకుని, చవకగా దొరికే డాక్సీసైక్లిన్ ఇస్తున్నారా, లేక వైడల్ పరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అనేస్తున్నారా? ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పోతున్న సంగతి మనకు తెలిసిందే. నడుమునొప్పికి వాడే మాత్రలు కిడ్నీల మీద ఏం చేస్తాయో రోగికి చెప్పే తీరిక ఉంటోందా? మన డాక్టర్ల 30 గంటలు పోవాల్సింది ఇక్కడ.

ఇదంతా పట్నంలోనే కుదురుతుందనుకోవద్దు. అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో సంజీవ్ అరోరా అనే భారతీయ డాక్టరు 2003లో ఎకో అనే పద్ధతి మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు, నర్సులు వారం వారం వీడియోలో తమ కేసులు పెడతారు, నిపుణులు వాళ్ళతో కలిసి ఆలోచిస్తారు. హెపటైటిస్ సి రోగుల్లో ఎకో కేంద్రాల్లో నయమైనవాళ్ళు 58.2 శాతం, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం. 2011లో ప్రచురితమైన లెక్కలివి. మన దేశంలో బెంగళూరు నిమ్‌హాన్స్ ఇదే పద్ధతి వాడుతోంది. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల ఉండగా ఆ పద్ధతి నూజివీడుకు ఎందుకు రాకూడదు?

మేం అడుగుతున్నది ఇది. ఏరియా ఆసుపత్రిలో నెలకోసారి ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లు కలిసి కూర్చుని, ఆ నెల పోయిన ప్రాణాలు, పైకి పంపిన కేసులు పేర్లు లేకుండా చర్చించాలి. ఎవరినీ శిక్షించడానికి కాదు. ఆ గంటలకు వైద్య మండలి పాయింట్లివ్వాలి. పీహెచ్‌సీ డాక్టర్లకు ఆ రోజు డ్యూటీలోనే సమయమివ్వాలి. ఒక్క డాక్టరు రోజుకు వంద ఓపీ చూస్తూ ఎప్పుడు చదువుకుంటారు? ఖర్చు ప్రభుత్వం పెట్టాలి, కంపెనీ రూపాయి ఒక్కటీ రాకూడదు. నర్సమ్మలనూ పిలవాలి, ఎందుకంటే రాత్రి రెండింటికి ఆ గాజు గొట్టం పట్టుకునేది వాళ్ళే.

డాక్టరు గారలారా, ఇందులో మీ గౌరవానికి లోటేమీ లేదు. మా ఊళ్లో మీరే దిక్కు. ఈ కోర్కె మీ గొంతుతో వస్తే త్వరగా నెరవేరుతుంది, ముందుకు రండి.

ప్రజలారా, మీరు చేయాల్సింది మూడు పనులు. ఈ కరపత్రం ఇచ్చిన మనిషి చేతిలో అర్జీ ఉంది, చదివి సంతకం పెట్టండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సబ్ కలెక్టర్ గారికి, తర్వాత ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి అది ఇవ్వడానికి మాతో రండి. మీ ఇంట్లో పాముకాటు, పురుగుమందు విషం, ముదిరిన జ్వరం కేసు జరిగి ఉంటే ఒక కాగితం మీద రాసివ్వండి: ఏ గంటకు జరిగింది, మొదట ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎన్ని గంటల తర్వాత సరైన మందు పడింది. డాక్టరు పేరు వద్దు, ఆసుపత్రి పేరు వద్దు. మొదటి నెల చర్చకు ఆ కాగితాలే పట్టుకెళ్తాం.

ఇట్లు,
నూజివీడు ప్రాంత మామిడి రైతులు, కూలీలు, రోగుల బంధువులు