సివిల్ వాళ్ళకి సైటా, సీటా?

సెప్టెంబరు 15 వచ్చిందంటే చాలు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫోటోతో ఇంజనీర్స్ డే శుభాకాంక్షలు మొదలవుతాయి. పంపేవాళ్ళలో సగంమంది మనలాంటి కీబోర్డు ఇంజనీర్లే. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుని కాపాడే ప్రణాళిక ఇచ్చిన ఆ పెద్దాయన చదివింది సివిల్, చేసిందీ సివిలే. మరి ఆ బ్రాంచి కుర్రాళ్ళు ఇప్పుడెక్కడున్నారయ్యా అంటే, మన పక్క క్యూబికల్లో టెస్ట్ కేసులు రాస్తున్నారు. (నేనూ ఆ బాపతే. చదివింది సివిల్, తింటున్నది జావా కూడు.)

దీనికి పెద్దలు చెప్పే కారణం ఒకటే. ఈ కాలం పిల్లలకి ఎండలో నిలబడే ఓపిక లేదట. 2025 ఫిబ్రవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు కూడా చెన్నైలో ఇంచుమించు ఇదే అన్నారు. 1983లో తాను చేరినప్పుడు చెన్నై వాడివైతే ఢిల్లీ వెళ్ళి పనిచెయ్యమన్నారనీ, ఇప్పటి కుర్రాణ్ణి అలా వెళ్ళమంటే టాటా చెప్పేస్తున్నాడనీ ఆయన బాధ.

నాకైతే ఈ వాదన మింగుడు పడదు. అదే కుర్రాడు అమెరికా క్లయింటు కోసం రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నాడు కదా! ఓపిక ఉంది, లెక్కే కుదరడం లేదు. ఇక్కడ బెంచి మీద కూర్చోబెట్టయినా నేర్పిస్తారు. సైట్లో చాలాచోట్ల మొదటిరోజే "ఆ సెంట్రింగ్ చూస్కో" అని వదిలేస్తారు. నేర్పేది మేస్త్రీ, ఆయన మంచివాడైతే మన అదృష్టం. వారానికి ఆరు రోజులు, స్లాబ్ పడితే ఆదివారం కూడా. చిన్న కాంట్రాక్టర్ల దగ్గరైతే ఆ కాస్త జీతం కూడా బిల్లు పాసయ్యాకే. మా బ్యాచ్ వాడొకడు మూడు నెలల జీతం కోసం ఆఫీసు చుట్టూ తిరిగాడు. క్లయింటు ఇన్వాయిస్ కట్టలేదని మన జీతం ఆపితే మనం ఊరుకుంటామా?

అలాగని "సివిల్ దండగ" అనే బ్యాచ్‌లో నేను లేను. ఆ పనిలో ఉన్న బరువు మన పనిలో లేదు. మన కోడ్ తప్పయితే రోల్‌బ్యాక్ ఉంది, స్లాబ్‌కి లేదు. కాంక్రీటు క్యూబులు పోసి ఏడో రోజున ఓసారి నలగ్గొట్టి చూసినా, అసలు బలం లెక్క తేలేది 28 రోజులకే. అప్పటికి పైన ఇంకో అంతస్తు లేచుంటుంది. ఐఎస్ 456 కోడ్ 2000 నాటి ప్రతి ప్రకారం, స్లాబ్ స్పాన్ నాలుగున్నర మీటర్లు దాటితే కింద జాకీలు 14 రోజులు ఉంచాలి, ఆలోపైతే 7 రోజులు. కాంట్రాక్టరేమో పెద్ద స్లాబ్‌కి కూడా వారానికే విప్పేసి పైకి తీసుకెళ్తానంటాడు, ఎందుకంటే ఆ సామాను అద్దెది. అక్కడ నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు "కుదరదు" అనాలి. వాడు అంటాడా, అంటే కంపెనీ వాడి వెనక నిలబడుతుందా?

చట్టం కూడా వాడి వెనక పెద్దగా లేదు. ఆర్కిటెక్టులకి 1972లోనే ఒక చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ లేనివాడు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. ఇంజనీర్లకి అలాంటి కేంద్ర చట్టమే లేదు. అయితే 2016లో వచ్చిన రెరా చట్టంలో ఒక మంచి సంగతుంది, మనవాళ్ళు దాన్ని ఫ్లాటు కొనేటప్పుడే తప్ప ఉద్యోగం వెతికేటప్పుడు చూడరు. కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. పని ఎంత శాతం అయ్యిందో ఒక ఇంజనీరు, ఒక ఆర్కిటెక్టు, ఒక సీఏ సర్టిఫై చేస్తేనే అందులోంచి బిల్డరు డబ్బు తియ్యగలడు. పైగా ఫ్లాటు అప్పగించాక ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. అంటే ఇంజనీరు సంతకానికి, క్వాలిటీకి ఇప్పుడు రూపాయల్లో విలువుంది. సైట్లో కెరీర్ కట్టుకోవాలనుకునేవాడు గురిపెట్టాల్సింది ఆ సంతకం మీద. హెల్మెట్ పెట్టుకుని కూలీల హాజరు రాసే సూపర్‌వైజర్ పని మీద కాదు.

ఆ సంతకానికి దారి మాత్రం సైట్లోంచే. డ్రాయింగ్ చూసి బార్ బెండింగ్ షెడ్యూల్ వెయ్యడం (రాడ్డు వ్యాసం మిల్లీమీటర్లలో స్క్వేర్ చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది, 12 ఎంఎం అయితే 0.89), కొలతలు తియ్యడం, బిల్లు తయారుచెయ్యడం, ఇవి రెండు మూడేళ్ళు చేతులతో చెయ్యాలి. హిందీ రావాలి. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలే కనిపించేవాళ్ళు, ఇప్పుడు హైదరాబాదు సైట్లలో బీహార్, ఒడిశా వాళ్ళున్నారు. ఆ తర్వాత ప్లానింగు, క్వాంటిటీ సర్వేయింగు, స్ట్రక్చరల్ డిజైను, ఏ దారైనా పట్టొచ్చు. పుణే నిక్మార్ ఈ చదువుల కోసమే 1983లో పుట్టింది. అంత దూరం ఎందుకు, సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే మన హైటెక్స్ పక్కన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కూడా వచ్చింది. రెండోది రోజూ దాటుకుంటూ పోయే మనలో ఎంతమందికి తెలుసు?

ఇంట్లో ఏ తమ్ముడో చెల్లెలో సివిల్ ఫైనలియర్లో ఉంటే జావా కోర్సులో చేర్పించే ముందు ఒక్క పని చెయ్యండి. ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఇంకో ప్రశ్న అడగమనండి: "మీ దగ్గర క్వాలిటీ ఇంజనీరు ఎవరికి రిపోర్ట్ చేస్తాడండీ?" ప్రాజెక్ట్ మేనేజరుకే అంటే, టెస్టర్లు డెలివరీ మేనేజర్ కింద ఉంటే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. హెడ్డాఫీసుకి, పని ఆపించే అధికారంతో సహా అంటే, పదివేలు తక్కువైనా చేరొచ్చు. అడిగినప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు చూసినా చాలు, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.