వీరబాహుడి నడక

రంగస్థలానికి కులం లేదని ప్రతి నాటక పరిషత్తు వేదిక మీదా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అనేవాళ్లెవరికీ కాటికాపరి వేషం ఇవ్వరు. నాకిచ్చారు. కాబట్టి దీని మీద నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

నేను మండల పరిషత్ బళ్లో సెకండరీ గ్రేడు టీచర్ని. 2018 డీఎస్సీ ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. నాలుగింటికి బడి గంట కొట్టగానే బస్సెక్కి గుంటూరు చేరి, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, వారానికి మూడు రోజులు, ఆరు నెలలపాటు నటన నేర్చుకున్నాను. ఈ వయసులో వేషాలేంటి మాస్టారూ అని స్టాఫ్ రూములో నవ్వారు. నలభై మంది పిల్లల ముందు మధ్యాహ్నానికే నా గొంతు పోయేది. అంబేద్కర్ జయంతి సభలో మైకు చెడితే నా మాట మూడో వరస దాటేది కాదు. గొంతుకి కూడా చదువు ఉంటుందని, కొంతమంది దాన్ని తాతల నాటి నుంచీ చదువుకుంటున్నారని నాకు ముప్పై దాటాక తెలిసింది.

నేర్పిన విద్యని నేను తక్కువ చెయ్యను. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి, అది లేచి దిగేలా గాలి పీల్చమన్నారు. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ముప్పై దాకా లెక్కపెట్టించారు. అరవకుండా చివరి బెంచీకి మాట విసరడం నేర్పారు. ఎదుటివాడి కళ్లలోకి రెండు నిమిషాలు చూపు దించకుండా చూస్తూ నిలబడమన్నారు. మిగతావాళ్లకి అదొక ఆట. ఆసాముల ఎదుట కండువా చంకలో పెట్టుకుని నేల చూపులు చూసిన మనుషుల నుంచి వచ్చిన ఒళ్లు నాది. ఆ రెండు నిమిషాల్లో నా మెడ నరాలు పట్టేశాయి. అయినా చూపు దించలేదు. అది విద్యే. మనం దక్కించుకోవలసిన విద్యే.

గొడవంతా ఆ విద్యతోపాటు కలిపి మింగించేదాని గురించి.

మొదటి వారంలోనే నా ఉచ్చారణ బాగాలేదన్నారు. 'అట్టా', 'ఏంది', 'వస్తన్నా' అని నా నోట్లో వస్తే 'ఆ పల్లె యాస వదిలించుకోవాలి మాస్టారూ' అని నటన మేష్టారు ఎంతో మర్యాదగా చెప్పారు. ఒత్తులు పలకాలి, శ ష స తేడా తెలియాలి. పద్యం పాడేవాడికి తెలియాల్సిందే, కాదనను. కానీ నేను పుట్టిన మాట తప్పెట్లా అయింది? నాట్యశాస్త్రం పంచమ వేదం, అందులో అన్నీ చెప్పారని జవాబు. సరేనని తెలుగు అనువాదం సంపాదించి చదివాను. శూద్రజాతులు వేదం వినకూడదు కాబట్టి అన్ని వర్ణాల కోసం ఈ ఐదో వేదాన్ని పుట్టించారట. ఐదో వేదాన్ని పంచమం అని నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఐదో మనిషిని పంచముడని ఊరవతల పెట్టారు. అదే పుస్తకంలో భాషల అధ్యాయం తీస్తే చండాల భాష తక్కువ భాషల పట్టీలో ఉంది. దానితోపాటే ద్రావిడమూ ఉంది. నాటకంలో ఆంధ్రులు తమ సొంత భాషలో మాట్లాడకూడదని కూడా ఉంది. అంటే నా నాలుకని సరిచేస్తున్న ఆయన నాలుకా ఆ లెక్కలో పనికిరానిదే. ఈ సంగతి క్లాసులో చెప్పాను. ఆ రోజు హార్మోనియం శృతి కుదరలేదని క్లాసు తొందరగా వదిలేశారు. ఆ పుస్తకం చివర ఇంకో ముచ్చట ఉంది. మునుల్ని వెక్కిరిస్తూ ఆడినందుకు భరతుడి కొడుకులు శూద్రులైపోవాలని శాపం తిన్నారు. మునుల్ని వెక్కిరిస్తే శాపం. చండాలుణ్ణి వెక్కిరిస్తే వన్స్‌మోర్.

కోర్సు ముగింపు ప్రదర్శనకి హరిశ్చంద్ర కాటి సీను ఎంచారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం. మావైపు ఆ సీను కోసం తెల్లారేదాకా కూచుంటారు. డి.వి.సుబ్బారావు ఆ వేషంతోనే పేరు మోశాడు. ఆ సీనులో రాజు పాడే శ్మశానం పద్యాల్లో జనం ఎదురుచూసేవి 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం తిని బతికిన గుర్రం జాషువావి. రాజు నోటికి మన కవి పద్యం కావాలి. మన వేషానికి మాత్రం గుర్రుమనడమే గతి.

వేషాలు పంచారు. హరిశ్చంద్రుడు ఒక బ్యాంకు ఉద్యోగి. నేను వీరబాహుణ్ణి. 'మీ పర్సనాలిటీకి సరిగ్గా సరిపోతుంది' అన్నారు. నేను అయిదడుగుల నాలుగంగుళాల బక్క మనిషిని. ఏ పర్సనాలిటీ?

ఎలా చెయ్యాలో చేసి చూపించారు. కాళ్లు ఎడంగా వేసి తూలాలి, గొంతు బొంగురు పెట్టాలి, మధ్యమధ్యలో గోక్కోవాలి. అది సంప్రదాయమట.

మా తాత మా ఊరికి వెట్టి. శ్మశానంలో కట్టె పేర్చింది ఆయనే. నాకు పదకొండేళ్లప్పుడు పోయాడు. పనిలోకి దిగే ముందు తలగుడ్డ బిగించి కట్టేవాడు. వేలు తడిపి గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. పెద్ద మొద్దులు కింద, సన్నవి పైన, మధ్యలో గాలాడే సందు. దిక్కులేని శవమైతే రాత్రంతా పక్కన కూచుని, తెల్లారి కాలవలో మునిగి ఇంటికొచ్చేవాడు. తాగేవాడా? తాగేవాడు. ఆ వాసనలో ఎవడైనా తాగుతాడు. కానీ తూలితే మంటలో పడతాడు. అది తూలుతూ చేసే పని కాదు. జీతం కళ్లం దగ్గర గింజలు.

నాటకంలో రాజు చచ్చిన బిడ్డని ఎత్తుకొచ్చిన భార్యనే కాటి సుంకం అడుగుతాడు. సత్యం తప్పలేదని జనం ఏడుస్తారు. బిడ్డని ఎత్తుకొచ్చిన ఏ తల్లినీ మా తాత పైసా అడగలేదు. ఆయన మీద నాటకం లేదు. రాజు కొన్నాళ్లు కాడు కాస్తే కష్టం, మనవాళ్లు తరతరాలు కాస్తే కులవృత్తి. పైగా మార్కండేయ పురాణం ప్రకారం ఆ చండాలుడు అసలు చండాలుడే కాదు, మారువేషంలో వచ్చిన ధర్ముడు. రాజుని కొనుక్కున్న యజమాని నిజంగా చండాలుడైతే కథలో కూడా ఓర్చుకోలేకపోయారు.

'ఇది నటన, సొంతానికి తీసుకోకండి' అని నాకు హితబోధ. అదే మనుషులు నెల ముందు రష్యా నటగురువు స్టానిస్లావ్‌స్కీ పద్ధతి అంటూ, జీవితంలో జరిగిన అవమానాన్ని గుర్తుతెచ్చుకుని మొహంలోకి తెమ్మన్నారు. ఒకమ్మాయి ఎంసెట్ పోయిన రోజు చెప్పింది. నా వంతు వస్తే 'ఏ తరగతిలోది చెప్పమంటారు సార్' అన్నాను. మన అవమానం వాళ్ల అభ్యాసానికి సరుకుగా కావాలి. మా తాత నడక మాత్రం వద్దు.

ప్రదర్శన రోజు నేను తూలలేదు. తలగుడ్డ బిగించి నిటారుగా వచ్చాను. వేలు తడిపి గాలి చూశాను. రాసిన మాట ఒక్కటి మార్చలేదు. వాళ్లు నేర్పిన ఊపిరితోనే చివరి వరసకి వినపడేలా చెప్పాను. నవ్వడానికి సిద్ధపడి వచ్చిన హాలు నవ్వలేదు. రాజు వేషగాడు ఒక్క క్షణం గతుక్కుమని, తర్వాత అతనూ గొంతు తగ్గించాడు.

'పాత్ర పండలేదు' అన్నారు మేష్టారు. సర్టిఫికెట్‌లో వాచికానికి ఏ గ్రేడు, ఆంగికానికి సి. నాలుక బాగుపడింది గానీ ఒళ్లు బాగుపడలేదని కాబోలు. వెనక కుర్చీల్లో మా నాయన ఉన్నాడు. బస్టాండు దాకా మాట్లాడలేదు. బస్సెక్కాక అడిగాడు: 'ఆ తలగుడ్డ ముడి నీకెట్టా తెలుసురా? నువ్వప్పటికి పిలగాడివి గదా.'

ఆ ఆరు నెలల నోట్సు నా దగ్గరుంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి 'వ్యవహార ధర్మబోధిని' ఆడించడంతో తెలుగు నాటక ప్రదర్శన మొదలైందని రాయించారు. అంతకుముందు దివిటీల వెలుగులో రాత్రుళ్లు ఆడినవాళ్లు ఏమాడినట్టు? తెలంగాణలో మాదిగ గూడేల్ని ఆశ్రయించుకుని చిందువాళ్లు యక్షగానం ఆడారు. చిందుల ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. 2005లో చనిపోయింది. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ వచ్చింది. మా నోట్సులో ఇద్దరూ లేరు. స్టానిస్లావ్‌స్కీ ఉన్నాడు.

ఉద్యమంలో కొందరు తమ్ముళ్లు ఆ క్లాసుల వైపే పోవద్దంటారు. నేనొప్పుకోను. ఫీజు కట్టి పోదాం. ఊపిరి తెచ్చుకుందాం, నిలబడటం తెచ్చుకుందాం. ధర్నాలో పోలీసులు మైకు లాక్కున్నాక పనికొచ్చేది అదే. తూలమన్నప్పుడు మాత్రం ఎందుకని అడుగుదాం, క్లాసులోనే, అందరి ముందే.

ఇప్పుడు మా మాలపల్లె కమ్యూనిటీ హాల్లో మంగళ, శుక్రవారాలు రాత్రి ఏడున్నరకి నేనే నేర్పుతున్నాను. కూలి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తినేసరికి ఆ వేళవుతుంది. పదకొండు మంది వస్తున్నారు, అందులో నలుగురు ఆడపిల్లలు. ముందు పొట్ట మీద పుస్తకం, తర్వాత కళ్లలోకి చూపు. ఈ నెల కాటి సీను మొదలెట్టాం. వీరబాహుడి వేషానికి ముగ్గురు పోటీ పడుతున్నారు. హరిశ్చంద్రుడికి ఇంకా మనిషి దొరకలేదు.